నల్ల పక్కు

నాకు వచ్చిన జ్వరం పేరు స్క్రబ్ టైఫస్. ఒంట్లోకి సత్తువ తిరిగి వచ్చి, సూదిలో దారం మళ్ళీ నా చేత్తో నేనే ఎక్కించుకోగలుగుతున్నాను కనుక ఇప్పుడు ఈ అనుభవం రాయడానికి కూర్చున్నాను. నన్ను బతికించినవారి మీద కృతజ్ఞత ఉంది, నన్ను సరిగా చూడనివారి మీద కోపం ఇంకా ఉంది. రెండూ దాచుకోకుండా రాస్తాను.

మాది అమలాపురానికి దగ్గరలో, కాలవ గట్టున ఉన్న పల్లె. బొంతలు కుట్టడం మా అమ్మ నుంచి నాకు వచ్చిన పని. నాలుగైదు పాత నూలు చీరలు, అందులోనూ ఎన్నో ఉతుకులకు మెత్తబడిన బండారులంక నేత చీరలైతే మరీ మంచిది, ఒకదాని మీద ఒకటి పరిచి, అరచేత్తో ముడతలు సరిచేసి, చుట్టూ టాకాలు వేసి, అంచు నుంచి లోపలికి వరస తరువాత వరస కుట్టుకుంటూ రావాలి. అంచులు మిషను మీద వేస్తాను గాని నడుమ కుట్టు మాత్రం చేత్తోనే వేస్తాను, ఎందుకంటే మిషను కుట్టుకు బొంత బిగిసిపోయి పసిపిల్లల ఒంటికి మెత్తగా ఉండదు. కూతురు పురిటికి వస్తోందంటే చుట్టుపక్కల తల్లులు పాత చీరల మూట పట్టుకుని మా ఇంటికి వస్తారు.

పొద్దున వంట, మధ్యాహ్నం కుట్టు, ఎండ తగ్గాక దొడ్లో పని, ఇదే నా దినచర్య. దొడ్లో కంద, బచ్చలి పాదు, ఆనప పందిరి, కడియం నర్సరీ నుంచి తెచ్చి నాటిన చేమంతులు ఉన్నాయి. ఇంట్లో రెండు పిల్లులు ఉండేవి, ఒకటి తెల్లది, ఒకటి చారలది. కొబ్బరితోటల నడుమ ఉన్న ఇంటికి ఎలుకలకూ పందికొక్కులకూ కొదవ ఉండదు. ఆ పిల్లులు ఉండబట్టే నా చీరల మూటలు ఎలుకలు కొట్టకుండా మిగిలాయి.

ఆ కార్తీకంలో మా మనవరాలి కోసం బొంత కుడుతున్నాను. దాదాపు సగం అయింది. ఒక మధ్యాహ్నం కుడుతూ ఉండగానే చలి పుట్టి, చేతులు వణికి, సూదిని బొంతలోనే గుచ్చి మడతపెట్టి పడుకున్నాను. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది. తలనొప్పి, కళ్ళ వెనక పోటు, నడుము ఎవరో విరిచినట్టు నొప్పి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారి మాత్రలతో తగ్గకపోవడంతో మావారు నన్ను టౌనులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. సెలైను ఎక్కించారు, రక్తం తీశారు, కడుపు స్కానింగు చేశారు. ప్లేట్‌లెట్లు 60 వేలకు పడిపోయాయి. డెంగీ పరీక్షలో ఏమీ బయటపడకపోయినా డెంగీ లాంటిదేనని చెప్పి, ఖరీదైన ఇంజెక్షన్లు పూటపూటకూ చేశారు. జ్వరం మాత్రం దిగలేదు. అన్ని కాగితాలు చూసిన ఆ డాక్టరు గారు నా ఒంటిని ఒక్కసారి కూడా చూడలేదు. స్టెతస్కోపు కూడా చీర మీద నుంచే పెట్టారు.

ఒక రాత్రి ఆయాసం మొదలైంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు, లేచి కూర్చుందామంటే తల నిలవదు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఆ స్థితిలో ఉన్నట్టుండి నాకు బొంతలో గుచ్చిన సూది గుర్తుకొచ్చింది. నన్ను చూడాలని మా అమ్మాయి పాపను తీసుకుని ఆ సాయంత్రమే ఇంటికి వచ్చిందని మావారు చెప్పారు. ఇల్లంతా వెతికి పసిపిల్ల కింద పరవడానికి అది ఏ బొంత తీస్తుంది? మెత్తగా, కొత్తగా, కళ్ళెదుట మడతపెట్టి ఉన్న ఆ బొంతనే తీస్తుంది. "సూది, బొంతలో సూది" అని నేను పదే పదే అన్నాను. నాలుక పిడచకట్టుకుపోయి మాట సగమే బయటికి వస్తోంది.

రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు నా మంచం కాళ్ళ దగ్గర నిలబడి, చేతిలో ఫోను చూసుకుంటూ, "జ్వరం తలకెక్కిందండి, ఆవిడ మాటలు పట్టించుకోకండి. రావలసినవాళ్ళు ఎవరైనా ఉంటే కబురు పెట్టుకోండి" అని మావారితో చెప్పి వెళ్ళిపోయాడు. నేను కళ్ళు మూసుకున్నానే గాని ప్రతి అక్షరం విన్నాను. కాలూ చెయ్యీ కదలకపోయినా చెవులు పనిచేస్తూనే ఉంటాయని వైద్యం చదువుకున్నవాడికి ఒకరు చెప్పాలా? అంతవరకూ పాప గురించే భయపడిన నాకు ఆ మాటతో నా చావు గురించి భయం పట్టుకుంది. పక్క మంచం మీది ముసలాయన దగ్గు, గోడ గడియారం చప్పుడు, ఆక్సిజన్ సీసాలో నీళ్ళ బుడబుడ, ఇవన్నీ ఆ రాత్రి విన్నట్టుగా నేను ఇంకెప్పుడూ వినలేదు.

మావారు నా మాటను తీసిపారేయలేదు. వరండాలోకి వెళ్ళి, అంత రాత్రివేళ అమ్మాయిని ఫోను చేసి లేపారు. పాప నిజంగానే ఆ బొంత మీద పడుకుని ఉంది. దారం వేలాడుతున్న సూది పాప పాదాలకు జానెడు దూరంలో, కుట్టు ఆగిపోయిన వరసలో దొరికింది. ఆయన తిరిగి వచ్చి నా చెవి దగ్గర "దొరికింది, తీసేశారు" అన్నారు. ఆ తరువాత డ్యూటీ డాక్టరు దగ్గరకు వెళ్ళి, "మా ఆవిడకు మతి బాగానే ఉందండి, తెల్లవారగానే తీసుకెళ్ళిపోతున్నాం" అని చెప్పారు. జీవితంలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి ఆయన.

కారులో పడుకోబెట్టి, ఎదుర్లంక వంతెన మీదుగా గౌతమి దాటించి, యానాం మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. వంతెన లేని రోజుల్లో అక్కడ పంటు కోసం రేవులో కూర్చున్న జ్ఞాపకం నాకు ఉంది. పంటు కోసం ఆగవలసి వస్తే నా గతి ఏమయ్యేదో. పెద్దాసుపత్రి రద్దీ గురించి అందరూ చెబుతారు, అది నిజమే, మొదట నాకు మంచం కూడా దొరకలేదు. కాని నా ప్రాణం నిలిచింది అక్కడే. ఒళ్ళు తుడవడానికి వచ్చిన పెద్ద వయసు సిస్టరు నన్ను పక్కకు ఒత్తిగిలపెట్టి, లోపావడా నాడా వదులు చేసి, ఆ నాడా ఒరుసుకునే చోట, నా కంటికి ఆనని వెనక భాగంలో, బీడీ నిప్పు ఆనించి ఆర్పినట్టున్న నల్లటి పక్కు ఒకటి చూసింది. నొప్పి లేదు, దురద లేదు, అది ఉందని నాకు తెలియదు. ఆవిడ వెంటనే డాక్టరమ్మను పిలిచింది. డాక్టరమ్మ దాన్ని వేలితో తాకి, చంకలూ గజ్జలూ కూడా చూసి, "అమ్మా, దొడ్లో గడ్డి పని చేస్తారా?" అని అడిగింది. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండానే మందు మొదలుపెట్టించింది.

ఆ మందు డాక్సీసైక్లిన్, 100 మిల్లీగ్రాములది, పూటకు ఒకటి చొప్పున రోజుకు రెండు. 48 గంటలు తిరగకముందే చెమట పట్టి జ్వరం దిగిపోయింది. అన్ని వేల రూపాయల ఇంజెక్షన్లకు దిగని జ్వరం ఇంత చవక మందుకు ఎలా దిగిందని అడిగితే డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఈ జబ్బును తెచ్చే సూక్ష్మజీవి మన కణాల లోపల దాక్కుని పెరుగుతుంది కనుక, మామూలుగా జ్వరాలకు చేసే ఆ రకం ఇంజెక్షన్లు దాని మీద పనిచేయవు. మంచాల్లో ఉండే నల్లి కాదు, గడ్డిలో, పొదల్లో ఉండే వేరే రకం నల్లి పిల్ల కుడితే ఈ జబ్బు వస్తుంది, అది కుట్టిన చోటే ఆ నల్ల పక్కు కడుతుంది. ఆ నల్లి పిల్ల కంటికి కనిపించనంత చిన్నది, పెద్ద నల్లి మనిషిని కుట్టదు. వానలు వెనకబట్టాక, చలి మొదలయ్యే రోజుల్లో ఎక్కువ. మనిషి నుంచి మనిషికి అంటదు. ఆలస్యమైతే ఊపిరితిత్తులకూ, మూత్రపిండాలకూ, మెదడుకూ పాకి ప్రాణం తీస్తుంది. ఉతికిన బొంతలను గట్టు మీది గడ్డిలో ఆరేయడం మా ఊళ్ళో తరతరాల అలవాటు, తడి బొంత బరువుకు దండెం ఆగదు కనుక. ఆ మాట చెప్పగానే ఆవిడ తల పంకించింది.

ఇంటికి వచ్చేసరికి పిల్లులు లేవు. మా ఆడపడుచు వాటిని గోనెసంచిలో వేయించి కాలవ అవతల వదిలిపెట్టించింది. "పిల్లుల వల్లే వచ్చిందంటున్నారు వదినా, పసిపిల్ల తిరిగే ఇల్లు కదా" అంది. ఎవరన్నారని అడిగితే ఆ మొదటి ఆసుపత్రిలో కాంపౌండరు అన్నాడట. ఆ నల్లి పిల్లలు పెరిగేది ఎలుకల ఒంటి మీద. ఎలుకలను పట్టే జీవాలను ఇంట్లోంచి వెళ్ళగొట్టి మేలు చేశామనుకున్నారు. నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. చారల పిల్లి కొన్నాళ్ళకు తిరిగి వచ్చింది, తెల్లది రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగులుతుంది. అయితే నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో పొయ్యి వెలిగించిందీ, కార్తీక సోమవారాలు నా కోసం ఉపవాసం ఉండి అంతర్వేది నరసింహస్వామికి మొక్కిందీ కూడా ఆ మనిషే. మాఘంలో ఇద్దరం కలిసి వెళ్ళి మొక్కు తీర్చుకున్నాం. మందు పనిచేసిందని నాకు తెలుసు. ఆ పక్కు ఆ సిస్టరు కంటపడేలా చేసింది స్వామేనని కూడా నేను నమ్ముతాను.

కోలుకోవడం నెమ్మదిగా జరిగింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. ధనియాల చారు పోసి మెత్తగా పిసికిన అన్నం తప్ప ఏదీ సయించలేదు. నోటికి మొదట రుచి తెలిసింది మా ఆడపడుచు వండిన కంద బచ్చలి కూరతో, ఆవ ఘాటు ముక్కుకు తగలగానే కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఇప్పుడు మావారు దొడ్లో రెండు కొబ్బరి చెట్ల మధ్య ఇనుప తీగ కట్టించారు, బొంతలన్నీ దాని మీదే ఆరతాయి. గడ్డి పీకేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకు బూట్లు వేసుకుంటాను, పని కాగానే ఆ బట్టలు విప్పి వేడినీళ్ళలో నానబెట్టి, సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని స్నానం చేస్తాను. చేలల్లో, తోటల్లో పని చేసే ఆడవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. జ్వరం నాలుగైదు రోజులకు తగ్గకపోతే సిగ్గుపడకుండా కూతురి చేతనో కోడలి చేతనో చంకలు, రొమ్ముల కింద, నడుము, గజ్జలు, మోకాళ్ళ వెనక వెతికించుకోండి. పక్కు కనిపించకపోయినా ఇది స్క్రబ్ టైఫస్ కావచ్చునా అని డాక్టరును నోరు తెరిచి అడగండి.

సంక్రాంతి వెళ్ళాక నేనూ మావారూ ఆ మొదటి ఆసుపత్రికి వెళ్ళాం. పెద్ద డాక్టరు గారు కాకినాడ కాగితాలు చూసి, "ఈ మధ్య ఇవి వస్తున్నాయి లెండి" అన్నారు. "వస్తున్నాయని తెలిస్తే నన్ను ఒకసారి తిప్పి చూడవలసిందండి" అన్నాను. రాత్రి డ్యూటీ డాక్టరు అన్న మాట కూడా యథాతథంగా చెప్పి, ఇకమీదట అలాంటి కబురు చెప్పవలసి వస్తే రోగి మంచం దగ్గర కాకుండా వరండాలోకి పిలిచి చెప్పమని అడిగాను. ఆయన కాసేపు కాగితాలు తిప్పి, "చెబుతానమ్మా" అన్నారు.