‘ఆమినస్’ అనే విశేషణం

ఆంగ్లంలోని ‘ఆమినస్’ అనే విశేషణానికి నిఘంటువు ‘అశుభసూచకమైన’ అన్న అర్థమిస్తుంది. అర్థం సరైనదే గాని, దానితోనే వాడుక పట్టుబడదు. ఏదో కీడు జరగబోతోందని మన మనసు శంకిస్తున్నప్పుడు ‘నేను ఆమినస్‌గా ఉన్నాను’ అంటే, మనమే ఎదుటివారికి కీడు చేసేలా కనిపిస్తున్నామన్న అర్థం వస్తుంది. భయపడేది మనమే అయినా, ఆ విశేషణం చేరవలసినది భయం పుట్టించినదానికి: కమ్ముకొస్తున్న మబ్బుకు, ఫోన్‌లో అవతలివారు ఉన్నట్టుండి వహించిన మౌనానికి, నడుస్తున్న యంత్రంలోంచి కొత్తగా వినిపించే చప్పుడుకు. అందుకే దీన్ని ఒంటరిగా కాక, ఇటువంటి నామవాచకాలతో జతగా నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

కీడు ఇంకా జరగకపోవడం ఈ మాటకు ప్రాణం. మబ్బు ఆమినస్ కావచ్చు గాని, ఊళ్లు ముంచేసిన వరదను అలా అనరు.

దీని మూలం లాటిన్‌లోని ‘ఓమెన్’. అక్కడ ఆ మాటకు మంచి శకునం, చెడ్డ శకునం రెండూ అర్థాలే. ఆంగ్ల విశేషణం మాత్రం కీడు వైపే స్థిరపడింది. మంచిని సూచించే ‘ఆస్పిషస్’ మరో దారిలో వచ్చింది, దాని వెనుక పక్షుల కదలికలను పరిశీలించి ఫలితం చెప్పే రోమన్ల పద్ధతి ఉంది. సంస్కృతంలో ‘శకున’ శబ్దానికి కూడా పక్షి అనే అర్థం ఉండటం ముచ్చటైన పోలిక. రోమన్లు యుద్ధానికి ముందు పవిత్రమైన కోళ్లు మేత తింటాయో లేదో కూడా చూసేవారు. క్రీ.పూ. 249లో డ్రెపనా నౌకాయుద్ధానికి ముందు అవి మేత ముట్టకపోతే, సేనాని పబ్లియస్ క్లాడియస్ పుల్కర్ ‘తినకపోతే నీళ్లయినా తాగనీ’ అంటూ వాటిని సముద్రంలోకి విసిరేయించాడని రోమన్ రచయితలు చెప్పారు. ఆ యుద్ధంలో అతడు రోమ్‌కు శత్రురాజ్యమైన కార్తేజ్ చేతిలో ఘోరంగా ఓడిపోయాడు. శకునాల మీద నమ్మకం లేకపోయినా, ఆ కోళ్ల ఉపవాసాన్ని ఆమినస్ అనకుండా ఉండలేం.

‘సినిస్టర్’ దీనికి దగ్గరి మాటే అయినా, అందులో సాధారణంగా ఎవరిదో దురుద్దేశం ధ్వనిస్తుంది. శస్త్రచికిత్స గది నుంచి బయటికి వచ్చిన వైద్యుడి మౌనం ఆమినస్, కుట్ర పన్నుతున్నవారి చిరునవ్వు సినిస్టర్.