బస్రా కరెంటోళ్ళ కోసం బెజవాడలో ఒక తీర్మానం

2010 ఎండాకాలంలో ఇరాక్‌లోని బస్రాలో కరెంటు కోతలు భరించలేక జనం రోడ్డెక్కారు. అక్కడి ఎండ యాభై డిగ్రీలు. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోయాడు, విద్యుత్ మంత్రి రాజీనామా చేశాడు. ఆ శాఖ కూడా చమురు మంత్రి హుస్సేన్ అల్ షహ్రిస్తానీ చేతికొచ్చింది. జూలైలో ఆయన విద్యుత్ శాఖలో యూనియన్ల మీద నిషేధం పెట్టాడు. ఆఫీసులు మూసేసి, కాగితాలూ సామానూ కంప్యూటర్లతో సహా స్వాధీనం చేసుకోమని పోలీసులకు ఉత్తర్వు. బస్రాలో ఆ కార్మికుల నాయకురాలు హష్మియా ముహ్సిన్. ఆ దేశంలో జాతీయ స్థాయి యూనియన్‌ను నడిపిన తొలి మహిళ ఆవిడే.

అప్పుడు నేను విజయవాడలో విద్యుత్ శాఖ అకౌంట్స్ సెక్షన్‌లో ఉన్నాను. మా యూనియన్ బ్రాంచికి సహాయ కార్యదర్శిని. పేరు పెద్దదే గానీ, పని మినిట్స్ రాయడం. బస్రా వాళ్ళ విజ్ఞప్తి ఒకటి పైనుంచి మాకొచ్చింది, కార్యవర్గంలో పెట్టి తీర్మానం చేసి పంపండి అని. ఎంతసేపు పని, ఒక పేజీయే కదా అనుకున్నాం. అది రాసి, ఒప్పించి, పోస్టు చేసేసరికి వానాకాలం కాస్తా గడిచిపోయింది.

గవర్నర్‌పేటలో మీటింగ్. అజెండాలో చివరి అంశంగా పెట్టినా, పేరు చదవగానే మొదటి మాట వచ్చేసింది: "మన పీఆర్సీయే తేలలేదు, మధ్యలో ఇరాక్ సంగతి మనకెందుకమ్మా?" అడిగినాయన్ని తప్పుపట్టను. సభ్యుల చందా మీద నడిచే యూనియన్‌లో ఆ ప్రశ్న రాకపోతేనే విడ్డూరం. జవాబు నాకంటే ముందు వెనక కూర్చున్న ఒక లైన్‌మన్ ఇచ్చాడు. వాళ్ళ తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. "బస్రా అంటే కువైట్ పక్కనే సార్. మనోళ్ళు ఎంతమంది లేరక్కడ! అయినా కరెంటు లేదని జనం తిరగబడితే యూనియన్ ఆఫీసుకు తాళమేయడమేంటి?" ఆ మాటతో 2000 ఆగస్టు గుర్తొచ్చింది అందరికీ. హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద ఉద్యమం, కాల్పులు. అంతకు ముందు ఏడాదే మా విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. అవన్నీ చూసినవాళ్ళే ఆ గదిలో సగం మంది.

అసలు చిక్కు డ్రాఫ్టు దగ్గర వచ్చింది. మా పెద్దాయన ఒకరు పేజీన్నర రాసుకొచ్చారు. నిండా సామ్రాజ్యవాదం, నశించాలి, ఖండిస్తున్నాం. ఎక్కడా ఆ నిషేధపు ఉత్తర్వు ఊసే లేదు. ఆయన చెప్పింది అబద్ధమని కాదు. కానీ చదివే అధికారికి ఏం చేయమంటున్నామో తెలియాలి కదా? నేను ఆ విజ్ఞప్తిని, దానితో వచ్చిన నోట్‌ను మళ్ళీ మళ్ళీ చదివి కథ మొదటి నుంచి చెప్పాను.

1987లో సద్దాం హుస్సేన్ 150వ నంబరు చట్టం తెచ్చాడు. ప్రభుత్వ రంగంలో పనిచేసేవాళ్ళు ఇక కార్మికులు కారు, ప్రభుత్వోద్యోగులు అన్నాడు. దాంతో యూనియన్ పెట్టుకునే హక్కు పోయింది. 2003లో అమెరికా వచ్చి సద్దాంను దించింది. అమెరికా పెట్టిన పాలకుడు పాల్ బ్రెమర్ హయాంలో సద్దాం బాత్ పార్టీని రద్దు చేశారు, సైన్యాన్ని రద్దు చేశారు. ఈ చట్టం జోలికి మాత్రం పోలేదు! తర్వాత ఎన్నికై వచ్చినవాళ్ళకూ అది పనికొచ్చింది. యూనియన్ వాళ్ళకు పై నుంచి చట్టం, పక్క నుంచి తుపాకీ. 2005 జనవరిలో హాదీ సాలెహ్ అనే యూనియన్ నేతను బాగ్దాద్‌లో ఆయన ఇంట్లోనే చంపేశారు. సద్దాంను ఎదిరించి ప్రవాసంలో బతికి, యుద్ధం తర్వాత తిరిగొచ్చిన మనిషి ఆయన.

పెద్దాయన కొంచెం మెత్తబడింది మాత్రం అమెరికా సంగతి విన్నాక. యుద్ధం మొదలవకముందే, 2003 జనవరిలో, అక్కడి యూనియన్ల వాళ్ళే యుఎస్ లేబర్ అగైనెస్ట్ ద వార్ అని వేదిక కట్టారు. 2005లో ఇరాక్ యూనియన్ నేతలను పిలిపించి ఊరూరా మాట్లాడించారు. ఆ ఏడాదే అక్కడి యూనియన్ల పెద్ద సమాఖ్య ఏఎఫ్ఎల్-సీఐఓ మహాసభ సైన్యాన్ని త్వరగా వెనక్కి రప్పించాలని తీర్మానించింది. "అయితే అమెరికా అని కాదు, అమెరికా ప్రభుత్వం అని రాయాలంటావ్" అన్నారాయన. ఒక్క వాక్యంలో రాశాం. మిగతా పేజీలో మూడు కోరికలే: ఉత్తర్వు రద్దు చేయాలి, ఆఫీసులూ సామానూ తిరిగివ్వాలి, 1987 చట్టం స్థానంలో కొత్త చట్టం తేవాలి.

డబ్బు పంపుదామన్న మాట కూడా వచ్చింది. మా కోశాధికారి గారు ట్రేడ్ యూనియన్ల చట్టం పుస్తకం జేబులో పెట్టుకుని తిరిగే రకం. "సెక్షన్ 15 చూడమ్మా" అన్నారు. యూనియన్ జనరల్ ఫండ్ దేనికి ఖర్చు పెట్టొచ్చో అందులో జాబితా ఉండేది. కార్మికుల మేలు కోసం జరిగే పనికి విరాళం ఇవ్వొచ్చు గానీ, ఆ ఏడాది ఆదాయం, ఏడాది మొదట్లో ఉన్న నిల్వ కలిపి అందులో నాలుగో వంతు దాటకూడదని ఉండేది. మా నిల్వ చూస్తే ఆ హద్దు గురించి బెంగపడాల్సిన పనే లేదు! కానీ అవతల 8750 అనే ఉత్తర్వు ఉందిగా. 2005లో ఇరాక్ ప్రభుత్వం దాంతో యూనియన్ల డబ్బంతా తన చేతిలోకి తీసుకుంది. మనం పంపింది వాళ్ళకు చేరుతుందన్న నమ్మకం లేదు. డబ్బు మాట అక్కడితో ఆగింది.

ఆఖర్న ఇంకో సభ్యుడు లేచి అసలైన పోటు పొడిచాడు. "సంఘం పెట్టుకునే హక్కు మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ, అదే ఐఎల్ఓ, 87వ ఒడంబడికను మన దేశమే ఆమోదించలేదు. ఉమ్మడిగా బేరమాడే హక్కు మీద ఉన్న 98 కూడా అంతే. ప్రభుత్వోద్యోగుల నిబంధనలు అడ్డమంటారు. మనం ఇరాక్‌కు చెప్పేదేంటి?" గది కాసేపు సద్దుమణిగింది. 98ని ఇరాక్ 1962లోనే ఆమోదించిందని నేను చెప్పబోయి ఊరుకున్నాను, అది ఆయన వాదనకే బలం. తీర్మానంలో ఒక వాక్యం కలిపాం: ఈ హక్కును మా దేశ ప్రభుత్వం కూడా ఆమోదించాలని కోరుతున్నాం. నన్నడిగితే ఆ పేజీలో నిలిచే వాక్యం అదొక్కటే.

సంతకాలు సబ్‌స్టేషన్లలో షిఫ్టు మారే వేళ పట్టాం. గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుని పెన్ను అందుకుంటూ ఒకతను, "వాళ్ళూ ఎల్సీ తీసుకునే స్తంభం ఎక్కుతారా మేడం?" అనడిగాడు. ఎల్సీ అంటే లైన్ క్లియర్, లైన్‌లో కరెంటు ఆపించి తీసుకునే అనుమతి. అది లేకుండా ఎక్కిన తోటివాణ్ణి పోగొట్టుకున్న మనిషి అతను. ఏం చెప్పాలో తోచక, ఎక్కేవాళ్ళ బాగోగులు అడిగేందుకే యూనియన్ కావాలంటున్నారని చెప్పాను. సంతకం పెట్టి, పక్కవాడికి తనే కాగితం అందించాడు.

ప్రధాని నూరీ అల్ మాలికీ పేరిట ఒక ప్రతి ఢిల్లీలోని ఇరాక్ రాయబార కార్యాలయానికి, ఇంకోటి జెనీవాలో ఐఎల్ఓకు రిజిస్టర్ పోస్టులో పంపాం. ఢిల్లీ నుంచి అక్నాలెడ్జిమెంట్ కార్డు తిరిగొచ్చింది, జవాబు రాలేదు. మా ఉత్తరంతో బస్రాలో తాళాలేం తెరుచుకోలేదు. 2015లో ఇరాక్ కొత్త కార్మిక చట్టం తెచ్చి సమ్మె హక్కు ఇచ్చింది గానీ, ప్రభుత్వోద్యోగులను దానికి బయటే ఉంచింది. 2018లో మాత్రం 87వ ఒడంబడికను ఆమోదించింది.

ఆ వార్త చూసి, ఆ రోజు లేచి అడిగిన సభ్యుడికి ఫోన్ చేశాను. రిటైరై పటమటలో ఉంటున్నాడు. విని పెద్దగా నవ్వాడు. "అయితే ఈసారి తీర్మానం వాళ్ళని చేయమను మేడం. బాగ్దాద్‌లో మన రాయబార కార్యాలయం ఉందిగా, రిజిస్టర్ పోస్టులో పడేస్తారు."