కుర్చీ కింద దిర్హాం, పైపులో ఉంగరం

శ్రీకాకుళం జిల్లా సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి బయటి దేశాలకు పోయే కుర్రాళ్లలో వెల్డింగో ఫిట్టర్ పనో వచ్చినవాళ్లు షిప్‌యార్డులకీ రిఫైనరీలకీ పోతారు. చేతిపని లేనివాడికి ముందు దొరికేది క్లీనింగే. మాల్, హోటల్, ఎయిర్‌పోర్టు, లాండ్రీ, కార్లు కడగడం, వీటిలో ఏదో ఒకటి. ఏజెంటు జీతం గురించీ, రూము గురించీ, డ్యూటీ గంటల గురించీ చెబుతాడు. పరాయివాళ్లు పోగొట్టుకున్న సొత్తు రోజూ చేతికి తగులుతుందనీ, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియకపోతే ఉద్యోగమే పోతుందనీ చెప్పడు.

చిల్లరతో మొదలుపెడదాం. నాణెం పడినచోట ఉండదు. అంచు మీద దొర్లి గోడ వారనో, తివాచీ అంచునో, యంత్రాల కాళ్ల దగ్గరో ఆగుతుంది. పాలిష్ చేసిన గ్రానైట్ మీద పైనుంచి టార్చి కొడితే వెలుగు తిరిగి కళ్లలోనే పడుతుంది తప్ప ఏమీ కనబడదు. టార్చిని నేలకు ఆనించి పడుకోబెట్టి వెలిగించాలి. అప్పుడు చెవిదుద్దు శీల కూడా పొడుగు నీడ వేస్తుంది.

చెయ్యి దూరని సందులోంచి తీయడానికి చాలామంది అయస్కాంతం దారానికి కట్టి వాడతారు. అది అన్ని నాణేలకూ పనిచేయదు. ఎమిరేట్స్ (యూఏఈ) దిర్హాం నాణేలు పాతవి రాగి-నికెల్ మిశ్రమం, అయస్కాంతానికి అంటవు. 2012 నుంచి వచ్చినవి నికెల్ పూత వేసిన ఉక్కు, టక్కున అంటుకుంటాయి. మన దగ్గరా అంతే. స్టీలు రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అంటుకుంటాయి, రెండు రంగుల పది రూపాయల బిళ్లలు చాలావరకు అంటవు. బంగారం, వెండి ఎలాగూ అంటవు. అందుకని పొడుగాటి స్టీలు స్కేలు చివర రెండువైపులా జిగురుండే టేపు చుట్టుకుంటే దేనికైనా పనికొస్తుంది. చెవి కమ్మ, రాయి లాంటి చిన్నవైతే వాక్యూమ్ గొట్టం మూతికి పలచటి సాక్సు తొడిగి రబ్బరు బ్యాండు వేసి లాగాలి. వస్తువు సాక్సుకు అతుక్కుని ఆగుతుంది, డస్ట్ బ్యాగులోకి పోదు. మిషన్ ఆపకముందే సాక్సు కింద చెయ్యి పట్టాలి, లేకపోతే ఆపగానే మళ్లీ కింద పడుతుంది.

కూల్‌డ్రింక్ మిషన్ కిందకు పోయిన నాణెం కోసం మిషన్ని వంచొద్దు. నిండుగా ఉన్న మిషన్ మీద పడితే మనిషి ప్రాణం మిగలదు. ఎస్కలేటర్ మెట్లు లోపలికి పోయేచోట ఉండే దువ్వెన పళ్ల దగ్గర ఇరుక్కున్నదాన్నీ వేలితో తీయకూడదు, టెక్నీషియన్ వచ్చి కరెంటు ఆపాకే. ఇంకో సంగతి. మిషన్ తిప్పికొట్టిన నాణెం దిర్హామే అనుకోవద్దు. ఫిలిప్పీన్స్ పాత పెసో, ఒమన్ 50 బైసా కూడా అదే కొలత. పెసోను దిర్హాంగా వేసి మిషన్లను మోసం చేస్తున్నారని 2006లోనే బయటపడింది. తెలియక మీరు వేసినా కెమెరాలో మీరే కనబడతారు.

కార్లు కడిగేవాళ్లకు ముఖ్యమైన చోటు సీటు పట్టాలు. సీటును పూర్తిగా వెనక్కి జరిపి ముందునుంచి, పూర్తిగా ముందుకు జరిపి వెనకనుంచి చూడాలి. పట్టాలో నాణెం పడితే సీటు మధ్యలో ఆగిపోతుంది. బలంగా తోస్తే పట్టా పళ్లు పాడవుతాయి, ఆ ఖర్చు జీతంలోంచి పోతుంది. సీటు కింద పసుపు రంగు ప్లగ్గు ఉన్న వైరు ఎయిర్‌బ్యాగుది. దాన్ని లాగొద్దు, ఊడదీయొద్దు. కప్పు హోల్డర్‌లో ఉన్న చిల్లర పోయిన చిల్లర కాదు, అది ఓనరు దాచుకున్నది. ఈ తేడా కొత్తవాడికి మొదటి రోజే చెప్పాలి.

ముందు తలుపున్న వాషింగ్ మిషన్‌లో వెతకాల్సిన చోట్లు రెండు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడత అడుగుభాగం మొదటిది, వేలు పెట్టి తడిమితే చాలు. రెండోది కింద మూలన చిన్న మూత వెనక ఉండే పంపు ఫిల్టరు. స్విచ్చి తీసేసి, నీళ్లు చల్లారాక, లోతు తక్కువ పళ్లెం పెట్టి, పక్కనే చిన్న గొట్టం ఉంటే ముందు దాంతో నీళ్లు వంపేయాలి. తర్వాత ఫిల్టరును ఎడమవైపుకు మెల్లగా తిప్పాలి. బేగి తిప్పేస్తే ఒక్కసారి నీళ్లు పొంగి గది తడుస్తుంది. చిల్లర, పిన్నులు, ఒక్కోసారి ఉంగరం అక్కడే దొరుకుతాయి. ఫిల్టరు తిరిగి పూర్తిగా బిగించకపోతే తర్వాతి ఉతుకులో కారుతుంది. హోటల్ లాండ్రీలో పెద్ద మిషన్లకు ఈ పద్ధతి కుదరదు. అక్కడ బట్ట మిషన్‌లో వేయకముందే జేబులు తిప్పి చూసి, దొరికింది గది నంబరు రాసిన జిప్ కవరులో వేయడమే దారి.

ఉంగరాలు ఎక్కువగా పోయేది నీళ్ల దగ్గరే. చన్నీళ్లకు వేళ్లు ముడుచుకుంటాయి, పైన సబ్బు. వాష్ బేసిన్‌లో పడిందని ఎవరైనా అరిస్తే ముందు కుళాయి కట్టేయాలి. నీళ్లు పోయకపోతే బరువైన ఉంగరం వంపు పైపు అడుగులోనే ఉండిపోతుంది. కింద బకెట్ పెట్టి, గ్లౌజులు వేసుకుని (అంతకుముందు ఎవరో యాసిడో డ్రైనేజీ మందో పోసి ఉండొచ్చు), ప్లాస్టిక్ నట్లు చేత్తో విప్పాలి. బుడ్డిలా ఉండే రకమైతే అడుగు మూత ఒక్కటే తిప్పితే వచ్చేస్తుంది. వాషరు ఏ ముఖంగా ఉందో చూసుకుని మళ్లీ అలాగే వేయాలి. బిగించాక నీళ్లు వదిలి పొడి టిష్యూ చుట్టి చూస్తే కారుతోందో లేదో తెలుస్తుంది. దొరికిన నగను బ్లీచింగ్ నీళ్లలో కడగొద్దు. క్లోరిన్ బంగారంలో కలిపిన ఇతర లోహాల్ని తింటుంది, తక్కువ క్యారెట్ నగలు పెళుసెక్కుతాయి. బట్టతో తుడిస్తే చాలు. స్విమ్మింగ్ పూల్‌లో పోయిందంటే పూల్ శుభ్రం చేసే మిషన్ సంచి దులపకముందే అందులో చూడాలి.

బీచ్‌లో పని పడితే, వెతికేముందు ఆ చోట అందరూ తొక్కకుండా ఆపాలి. అర మీటరు వెడల్పు చాళ్లుగా తాడు వేసుకుని, ఒక చాలు అయ్యాకే ఇంకోటి. జల్లెడ పొడి ఇసుకకే, తడి ఇసుక కన్నాల్లోంచి దిగదు. దిర్హాం 24 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి 12 మిల్లీమీటర్ల కన్నం చాలు, చెవిదుద్దుకైతే 5 కావాలి. ఈ పని నేర్చుకుని సెలవుకు వస్తూ మెటల్ డిటెక్టరు తెచ్చి, పాత బౌద్ధ శిథిలాలున్న శాలిహుండం కొండ చుట్టూ తిరుగుదామనే ఆలోచన ఉంటే మానుకోవాలి. అది రక్షిత స్థలం. పైగా మన 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.

ఇక వెతకడం కన్నా పెద్ద పని, దొరికాక ఏం చేయాలన్నది. ఎమిరేట్స్‌లో దొరికిన సొత్తు ఉంచుకోవడం నేరం. 2021 నాటి 31వ ఫెడరల్ చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లేదా 20,000 దిర్హాంలకు తగ్గని జరిమానా. సింగపూర్‌లో పీనల్ కోడ్ 403వ సెక్షను, అక్కడా రెండేళ్ల వరకు జైలు. దుబాయ్‌లో 2025లో వచ్చిన 17వ చట్టం దొరికిన 24 గంటల్లో పోలీసు వ్యవస్థలో నమోదు చేయమంటుంది, 48 గంటల్లో అప్పగించమంటుంది. అదే చట్టంలో నిజాయితీగా ఇచ్చినవాడికి విలువలో పదో వంతు, 50,000 దిర్హాంలు మించకుండా, బహుమతి కూడా ఉంది. ‘ఓనరు వస్తాడేమో చూద్దాం’ అని రూములో దాచి ఉంచితే ఆ గడువు దాటిపోతుంది. మంచి మనసుతో దాచావని కెమెరా చెప్పదు, తీసుకున్నావని మాత్రం చెబుతుంది.

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే: సూపర్‌వైజరు చేతికి నోటిమాటగా ఇచ్చేయడం. ఆయన రిజిస్టరులో రాయడం మరిచాడనుకోండి, వీడియోలో వంగి తీసింది మీరే. కాబట్టి తీసిన వెంటనే మీ టీము వాట్సాప్‌లో తేదీ, టైము, అంతస్తు, ఏ షాపు ముందు అన్నది హిందీలోనో ఇంగ్లీషులోనో రాసి పడేయాలి. ఫోటో పెడితే మూసిన పర్సు ఫోటోయే, లోపలి కార్డులది కాదు. సెక్యూరిటీ డెస్కులో ఇచ్చి రసీదు నంబరు తీసుకోవాలి. డబ్బు ఒక్కరే లెక్కపెట్టకూడదు, సెక్యూరిటీ ముందే లెక్కపెట్టి రాయించాలి. నగ అయితే రంగు, బరువు అంచనాతో పాటు లోపలి ముద్ర రాయించాలి: 750 అంటే 18 క్యారెట్లు, 875 అంటే 21, 916 అంటే 22. ‘బంగారు ఉంగరం’ అని మాత్రమే రాస్తే రేపు రాయి ఉండేదని ఎవరైనా అనొచ్చు. ‘అది నాదే’ అంటూ ఎవరొచ్చినా చేతికివ్వకుండా డెస్కు చూపించాలి. కంపెనీ మాట వినకపోతే దుబాయ్ పోలీసుల అత్యవసరం కాని నంబరు 901.

రోడ్డు మీద నోట్ల కట్ట కనబడి, పక్కనే ఒకడు ‘చెరి సగం పంచుకుందాం’ అంటే అటు చూడకుండా నడిచిపోవడమే మేలు. అది పాత మోసం. కాసేపటికి ఇంకొకడు వచ్చి కట్టలో ఇంకా డబ్బుండాలంటాడు, మీ జేబులు వెతుకుతానంటాడు.

జీతంలో పోగైన చిల్లర ఊరికి తేవద్దు. ఇక్కడ మనీ ఎక్స్‌ఛేంజివాళ్లు నోట్లే తీసుకుంటారు, నాణేలు తీసుకోరు. దిర్హాం ఒక్కొక్కటి ఇరవై రూపాయల పైమాటే కాబట్టి అక్కడే ఫోన్ రీచార్జికో బస్సు కార్డుకో వాడేయాలి. ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ ట్రేలో జేబులు ఖాళీ చేసేటప్పుడు చిల్లర విడిగా వేయకుండా బ్యాగు జిప్‌లో వేయాలి. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో 2018 ఆర్థిక సంవత్సరంలో ప్రయాణికులు ట్రేల దగ్గర వదిలేసిన చిల్లరే 9.6 లక్షల డాలర్లు. చెల్లెలికి కొన్న గొలుసు ట్రేలో పెట్టొద్దు, చేతి సంచి లోపలి అరలోనే ఉంచి బిల్లు వేరే జేబులో పెట్టుకోవాలి.

విమానం దిగి పలాసకో విజయనగరానికో రైలెక్కి సామాను మరిచిపోతే 139కి ఫోన్ చేయాలి. రైలు నంబరు, బోగీ, బెర్తు చెబితే తర్వాత వచ్చే స్టేషనులో ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షక దళం) వాళ్లు బోగీలోకెక్కి చూస్తారు. సామాను చేతికొచ్చేదాకా టికెట్టు పారేయొద్దు, తీసుకునేటప్పుడు అదీ గుర్తింపు కార్డూ అడుగుతారు.