బాల్బెక్: రాళ్ల కోసం వెళ్తే నీళ్ల కథ దొరికింది

లెబనాన్‌లో రోమన్ గుళ్ల శిథిలాలున్న ఊరు బాల్బెక్. అక్కడికి వెళ్లడానికి బీరూట్‌లో కోలా అనే కూడలి దగ్గర ఎక్కే వ్యాన్ నిండితేగానీ కదలదని విన్నాను. అయితే ఒక్క సీటు కోసం ముప్పావుగంట ఆపుతారని అనుకోలేదు. పైగా ఎక్కేటప్పుడు చెప్పిన రేటుకి, కూర్చున్నాక అడిగిన రేటుకి పొంతన లేదు. 2019 తర్వాత లెబనీస్ పౌండ్ ఎంత పడిపోయిందంటే, వ్యాన్ ఛార్జీకి లక్షల్లో లెక్కపెట్టాలి. నోట్ల కట్ట తీస్తుంటే కాసేపు జమీందారులా అనిపించింది, అంతే.

ఆ విసుగులో ఉండగా పక్క సీటులోని పెద్దాయన నారింజ ఒలిచి సగం నా చేతిలో పెట్టాడు. బాల్బెక్ వైపు రైతట. కువైట్‌లో కొన్నాళ్లు పనిచేసి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. వ్యాన్ దహర్ అల్ బైదర్ కనుమ ఎక్కి దిగగానే కింద బెకా లోయ పరుచుకుంది. పడమట లెబనాన్ కొండలు, తూర్పున యాంటీ లెబనాన్ కొండలు, మధ్యలో ఎర్రమట్టి పొలాలు. ష్టూరా అనే ఊరు దాటాక ఆయన కిటికీలోంచి చెయ్యి చూపిస్తూ అన్నాడు: "మా ఊరి దగ్గర ఇటు పడ్డ వాన లితానీ నదిలో కలిసి దక్షిణానికి పోతుంది. అటు పడ్డది ఆసీ నదిలో కలిసి సిరియాకి పోతుంది. పాస్‌పోర్టు కూడా అడగరు!"

నాకు మహాబలేశ్వర్ గుర్తొచ్చింది. అక్కడ కూడా కొండకి ఒక పక్క వాన అరేబియా సముద్రం దారి పడుతుంది, ఇంకో పక్కది మన కృష్ణలో కలిసి హంసలదీవి దాకా వస్తుంది. బాల్బెక్ ఉన్నది అలాంటి గట్టు మీదే, దాదాపు 1,150 మీటర్ల ఎత్తున. లితానీ లెబనాన్ దాటకుండానే టైర్ నగరానికి కాస్త ఉత్తరాన సముద్రంలో కలిసిపోతుంది. ఆసీ మాత్రం సిరియా, టర్కీ తిరిగి వెళ్తుంది.

ఇక గుడి. విదేశీయుల టికెట్టు మనసుకి నొప్పే, కానీ లోపలికెళ్లాక నోరు మూసుకున్నాను. రోమన్లు కట్టిన జూపిటర్ ఆలయానికి ఉండాల్సిన 54 స్తంభాల్లో ఇప్పుడు నిలబడి ఉన్నవి ఆరే, ఒక్కోటి సుమారు 20 మీటర్లు. 1759 భూకంపానికి ముందు తొమ్మిది ఉండేవి. ఒక స్తంభం పై భాగంలో క్రీ.శ. 60 నాటి రాత దొరకబట్టి, అప్పటికి పని చివరికొచ్చిందని లెక్కగట్టారు. పడమటి గోడలోని మూడు రాళ్లు ఒక్కోటి 800 టన్నుల దాకా ఉంటాయి. వాటి ముందు అందరూ సెల్ఫీలే. వీటిని గ్రహాంతరవాసులు మోశారని ఒక గైడు చెబుతుంటే ఒళ్లు మండింది. క్వారీలో 2014లో బయటపడ్డ రాయి 1,600 టన్నులకి పైమాటే. దాన్ని చెక్కినవాళ్లు అక్కడే వదిలేశారు. గ్రహాంతరవాసులైతే అలా చేతులెత్తేస్తారా?

నన్ను ఆపేసింది మాత్రం పెద్ద ప్రాంగణం. రోమన్ల నేల కింద పాత మట్టిదిబ్బ ఉంది. తవ్వితే 8,000 ఏళ్లకు పైబడిన జనావాసాల ఆనవాళ్లు తేలాయి. అలెగ్జాండర్ తర్వాత గ్రీకులు ఈ ఊరిని హీలియోపోలిస్ (సూర్యనగరం) అన్నారు, క్రీ.పూ. 15 ప్రాంతంలో రోమన్ మాజీ సైనికులు ఈ చుట్టుపక్కల భూములు పొందారు. వాళ్లంతా వచ్చింది అప్పటికే కుదురుకున్న ఊరికి. ఎందుకు కుదురుకుందో బోర్డుల మీద పెద్దగా లేదు. నాకైతే ఊరి పక్కనే ఉన్న రాస్ అల్ ఐన్ ఊటను చూశాకే అర్థమైంది. వేసవిలో ఎండిపోయే లోయ అంచున ఊట, రెండు నదుల దారులు విడిపోయే చోటు, దాన్ని వదిలి ఎవరు పోతారు?

ఊట పక్క కెఫేలో కాఫీ ధర చూసి లేచి వచ్చేశాను. బజారులో కసాయి ఉల్లి, టమాటాతో కలిపి నూరిచ్చిన మాంసాన్ని పక్క బేకరీలో చిన్న చిన్న చదరపు సఫీహా రొట్టెలుగా కాల్చి ఇచ్చారు. డజను తిన్నా కాఫీ అంత కాలేదు.