నొప్పి లేదు కానీ వేలు లేవదు: నా మాలెట్ ఫింగర్ అనుభవం

పరుపు కింద దుప్పటి దోపుతుంటే మధ్యవేలి కొన గట్టిగా తగిలి మడతపడింది. నొప్పి పెద్దగా లేదు. కానీ గోరున్న భాగం కిందికి వాలిపోయింది. ఎంత బిగబట్టినా లేవదు. రెండో చేత్తో ఎత్తితే సులువుగా లేస్తుంది, వదిలితే మళ్లీ వాలుతుంది. నొప్పి ఉంటే ఎవరైనా పరిగెత్తుతారు. ఇలాంటిదాన్నే బెణికిందిలే అని వదిలేస్తారు. నాకు మాత్రం ఆ వాలుడు చూసి టెన్షన్ పట్టుకుంది. మర్నాడే జనరల్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ నా వేలిని చివరి కీలుకు కాస్త వెనక, కదలకుండా పట్టుకుని, "ఇప్పుడు కొన ఒక్కటే పైకి ఎత్తండి" అన్నారు. రాలేదు. "కిందికి వంచండి." వంచాను. వేలిని చాపే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) మాత్రమే తెగిందని, అంటే ఇది మాలెట్ ఫింగర్ అని తేల్చింది ఈ రెండో పరీక్షే. వంచలేకపోతే తెగింది అరచేతి వైపు టెండన్ అట, దానికి సాధారణంగా ఆలస్యం లేకుండా ఆపరేషనే. తర్వాత వేలిని పక్కనుంచి ఎక్స్‌రే తీయించారు. టెండన్ ఊడుతూ ఒక్కోసారి ఎముక ముక్కను లాక్కొస్తుందట. ఆ ముక్క కీలు ఉపరితలంలో మూడో వంతు దాటినా, కీలు జరిగినా చేతి సర్జన్‌కు చూపించాలి. నాకు ఆ రెండూ లేవు.

కాబట్టి స్ప్లింట్, అంటే వేలి కొన వంగకుండా పట్టి ఉంచే గట్టి తొడుగు. చివరి కీలు నిటారుగా, 6 నుంచి 8 వారాలు, రాత్రీ పగలూ. మధ్య కీలును మాత్రం వదిలేశారు, అది బిగుసుకోకుండా ఆడిస్తూ ఉండమన్నారు.

"స్నానానికైనా తీయొద్దా, డాక్టర్ గారూ?"

"తీయొచ్చు. కొన మాత్రం వాలకూడదు. ఒక్కసారి వాలినా లెక్క మళ్లీ మొదటి నుంచే."

వైద్యమంతా ఆ మాటలోనే ఉంది. స్ప్లింట్ తీసేటప్పుడు వేలిని టేబుల్ మీద చదునుగా ఆనించి, రెండో చేత్తో ముందుకు జరుపుతూ లాగాలి. లోపల చర్మం తెల్లగా నాని, ముడతలు పడి, కాస్త వాసన కూడా వచ్చేది. వేలు లేపకుండానే తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ తొడగాలి. ఇంట్లో ఒకరు కొనను పట్టుకుంటే పని సగం తేలిక. తడి స్ప్లింట్‌తో పడుకుంటే చర్మం చెడుతుంది, అందుకే మార్చుకోవడానికి ఇంకోటి అడిగి తెచ్చుకున్నాను. అది మంచి పనైంది.

గడువు అయ్యాక కూడా కొన్ని వారాలు రాత్రిపూట పెట్టుకోమన్నారు. ఇప్పుడు కొన కొద్దిగా వాలే ఉంది, కీలు మీద చిన్న బొడిపె మిగిలింది. పిడికిలి మాత్రం పూర్తిగా మూసుకుంటోంది. ఈ మాత్రం వాలు చాలామందికి ఉండిపోతుందని, పనికి అడ్డం రాదని డాక్టర్ ముందే చెప్పారు.