అశ్నామి

పత్రం పుష్పం ఫలం తోయం యో మే భక్త్యా ప్రయచ్ఛతి
తదహం భక్త్యుపహృతమశ్నామి ప్రయతాత్మనః

గీత తొమ్మిదో అధ్యాయంలోని ఈ 26వ శ్లోకం చిన్నప్పటి నుంచి నోటికి వచ్చినదే. ఆకు సమర్పించినా స్వామి సంతోషిస్తాడని చెప్పుకుంటూ వచ్చాను కానీ, 'అశ్నామి' దగ్గర ఎన్నడూ ఆగలేదు. ఆ మాటకు అర్థం 'తింటాను'.

విశాఖ సీతమ్మధారలో మా పెరట్లో ఒక మారేడు, పక్కన కరివేపాకు, ప్రహరీ వారన ఎవరూ నాటని జిల్లేడు ఉన్నాయి. కార్తిక సోమవారం శివపూజకు మారేడు దళాలు కోయబోతే, చేతికందే కొమ్మల్లో ప్రతి ఆకూ కొరికి ఉంది. ఒక ఆకు మీద పిట్ట రెట్ట అనుకున్నది మెల్లగా కదిలింది! అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. పక్షుల కంట పడకుండా లేత వయసులో అలా రెట్టలా కనిపిస్తుంది, ఎదిగాక ఆకుపచ్చగా మారుతుంది. నిమ్మ, కరివేపాకు, మారేడు ఒకే కుటుంబపు మొక్కలు కనుక తల్లి వెతుక్కుంటూ వచ్చి వీటి మీదే గుడ్లు పెడుతుంది. పక్కన వేపచెట్టు ఎంత విరగబూసినా ఆ పిల్లకు అది అన్నం కాదు. జిల్లేడు మీద చారల గొంగళిపురుగుది మరో దారి. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలు వచ్చాక కూడా పక్షులు దాని జోలికి పోవు.

పురుగుమందు కొట్టమన్నారు పక్కింటివారు. ఆ సాయంత్రం పదిహేనో అధ్యాయం చదువుతుంటే "అహం వైశ్వానరో భూత్వా ప్రాణినాం దేహమాశ్రితః" దగ్గర గొంతు ఆగింది. ప్రాణుల దేహాల్లో జఠరాగ్నిగా ఉండి అన్నాన్ని పచనం చేసేది తానేనంటాడు. ఆ 'ప్రాణినాం'లో గొంగళిపురుగు లేదా? నేను దళం కోయకముందే, ఆ చిన్న కడుపులో కూర్చుని స్వామి ఆరగించడం మొదలుపెట్టాడు.

గృహస్థుకు విధించిన ఐదు మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం, అంటే తోటి ప్రాణులకు అన్నం పెట్టడం, ఒకటి. గోడ మీద కాకికి ముద్ద పెడితే అది తీరిందనుకుంటాం. కంబాలకొండ అడవి దగ్గరే ఉంది కదా, అక్కడ బతుకుతాయిలే అనీ అనుకుంటాం. వీధి పొడవునా పెరళ్లకు పలకలు పరిచేస్తే, ఎగిరి వచ్చిన తల్లి గుడ్డు ఎక్కడ పెట్టాలి?

బిల్వాష్టకం 'అచ్ఛిద్రైః' అంటుంది, చిల్లులేని దళాలే కావాలి. అందుకని నిచ్చెన వేసి పైకొమ్మ నుంచి మూడు దళాలు కోశాను. కిందివాటిని ముట్టుకోలేదు. రెండు వారాల తర్వాత సోమవారం చూస్తే, ఆకులు రాలిన పుల్లకు సన్నని పట్టుదారంతో నడుము కట్టుకుని ఒక ఆకుపచ్చ గూడు అంటిపెట్టుకుని ఉంది.