పరుగుకి ముందు ఈనో తాగాలా?

సోంపేటలో మాది మందుల షాపు. ఆర్మీ ర్యాలీ, కానిస్టేబుల్ సెలెక్షన్లు దగ్గరపడితే కుర్రాళ్లు గ్రౌండ్ నుంచి నేరుగా షాపుకే వస్తారు. ఈమధ్య తరచూ ఒకటే అడుగుతున్నారు. "అన్నా, పరుగుకి ముందు ఈనో తాగితే కాళ్లు పట్టెయ్యవంట, నిజమేనేటి?" కొందరు జెలూసిల్ అడుగుతారు, కొందరు పాంటాప్రజోల్. కౌంటర్ దగ్గర రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

కడుపులో యాసిడ్ వేరు, కండలో యాసిడ్ వేరు. పాంటాప్రజోల్ కడుపులో యాసిడ్ తయారవడాన్ని తగ్గిస్తుంది, అంతే. జెలూసిల్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్లదీ కడుపులో పనే. ప్రాణం పెట్టి పరిగెత్తేటప్పుడు కండలో హైడ్రోజన్ అయాన్లు, అంటే యాసిడ్ గుణం తెచ్చే కణాలు, పేరుకుంటాయి. 1600 మీటర్లలో మూడో రౌండు దాటాక తొడలు మండి అడుగు పడకపోవడానికి అదొక కారణం. రక్తంలో యాసిడ్‌ని విరిచే బైకార్బొనేట్ పెరిగితే ఆ అయాన్లు కండలోంచి త్వరగా బయటికొస్తాయి. అంటే కుర్రాళ్లు విన్నది ఒట్టి గాలికబురు కాదు. అర నిమిషం నుంచి 12 నిమిషాల దాకా గట్టిగా చేసే శ్రమకి సోడియం బైకార్బొనేట్, అంటే మనం బజ్జీల పిండిలో వేసే తినేసోడా, కొంత సాయం చేస్తుందని పరిశోధనల్లో తేలింది. వెయిట్‌లిఫ్టింగ్‌కి పేరున్న మన విజయనగరం వైపు ఊరు కొండవెలగాడలో పిల్లలు బరువెత్తేది కొన్ని సెకన్లే, అక్కడ దీని అవసరం రాదు.

చిక్కంతా మోతాదులో ఉంది. ఆ పరిశోధనల్లో కిలో బరువుకి 0.2 నుంచి 0.3 గ్రాములు ఇచ్చారు, అదీ గంట నుంచి మూడు గంటల ముందు. 60 కిలోల మనిషికి 12 నుంచి 18 గ్రాములు. ఈనో ప్యాకెట్టు మొత్తం 5 గ్రాములే. అందులో సోడాతో పాటు సిట్రిక్ యాసిడ్ ఉంటుంది, నీళ్లలో వేయగానే రెండూ కలిసి పొంగి చాలా సోడా గ్యాసుగా పోతుంది. పోనీ 18 గ్రాముల సోడా మింగితే? కడుపుబ్బరం, వాంతులు, విరేచనాలు. ట్రాక్ మీద నిలబడాల్సిన వాడు బాత్రూమ్‌లో ఉంటాడు. పైగా అందులో దాదాపు 5 గ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 2 గ్రాములు దాటొద్దంటోంది.

ఆటగాళ్లు వాడే బీటా అలనిన్ అనే సప్లిమెంట్ పొడి దారి వేరు. అది కండలోనే యాసిడ్‌ని అదుపు చేసే కార్నోసిన్ అనే పదార్థాన్ని పెంచుతుంది. ఆ రోజు పొద్దున వేసుకుంటే లాభం లేదు, రోజుకి 4 నుంచి 6 గ్రాములు కొన్ని వారాలు వాడాలి. ఒకేసారి ఎక్కువ తీసుకుంటే మొహం, చేతులు చీమలు పాకినట్టు జివ్వుమంటాయి. ఖరీదు కూడా తక్కువేం కాదు. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు తినమని నేనైతే చెప్తాను.

నాకు అసలు భయం వేరే ఉంది. మనది ఉద్దానం. కవిటి, కంచిలి, మందస, ఎటు చూసినా కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డ ఇళ్లున్నాయి. దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. జబ్బు ముదిరేదాకా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు, పాతికేళ్ల కుర్రాడికి కూడా. దెబ్బతిన్న కిడ్నీ ఇంత సోడియాన్ని తట్టుకోలేదు. జెలూసిల్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం కూడా అలాంటివాళ్ల ఒంట్లో పేరుకుపోతాయి.

బీపీ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బున్నా సోడా జోలికి వెళ్లొద్దు తమ్ముడూ. మిగతావాళ్లు కూడా ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకుని డాక్టరుని అడగండి. ప్రాక్టీసుకి ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటుంటే అదీ దాచకుండా చెప్పండి, చెమటతో ఒళ్లు ఎండినప్పుడు ఆ మాత్రలు కిడ్నీకి ఇంకా చెరుపు.